ఉప్పు బుడ్డలు కాసిన చేను

పోయిన నెల రూతక్క కంటి డాక్టరుకు చూపించుకోవాలని కర్నూలు వచ్చింది. చేతిసంచిలో రెండు చీరలు, చంకలో పెద్ద తడి గోనెమూట. మూట విప్పితే బుడ్డల చెట్లు, ఆకులతో, వేర్లతో, మా ఊరు కోసిగి ఎర్రమట్టితో సహా. మా వైపు వేరుశనగను బుడ్డలు అంటాం. బస్సులో మట్టి రాలుతోందని కండక్టరు గొడవపడితే, "మట్టి ల్యాని బస్సు యాడుండాదప్పా, సూపీ" అని అతన్నే సీటు కిందికి వంగి చూడమందట. వంటగదిలో పాత పేపర్లు పరుచుకుని ఇద్దరం కాయలు తెంపడానికి కూర్చున్నాం. పొయ్యి మీద ఉప్పునీళ్లు కాగుతున్నాయి. పచ్చికాయ వాసన, తడిమట్టి వాసన కలిసి మూడో అంతస్తులోని ఇంటిని నింపేశాయి. రూతక్కకు ఒక కంట్లో శుక్లం ముదిరింది, రెండో కంట్లో ముదురుతోంది. అయినా అన్ని ఆకుల మధ్య దాక్కున్న ఒకే ఒక్క పసుప్పచ్చ పువ్వు ఆమె కంటనే పడింది. చెట్టుతో సహా దాన్ని నా ముక్కు దగ్గర పెట్టి, "ఏమే మేరీ, తెంపుదామా?" అంది. ఇంక ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఏమైందోనని పక్కింటివాళ్లు తలుపు కొట్టి అడిగి పోయారు.

ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని నేను. పువ్వు, పుప్పొడి, అండాశయం, కాయ అంటూ బోర్డు మీద ఎన్ని బొమ్మలు వేశానో లెక్కలేదు. ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాడు కూడా "టీచర్, మీకిది ఎవరు నేర్పారు?" అని అడగలేదు. నా అదృష్టం. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని? ఆ పాఠం నేను నేర్చుకున్నది దొంగతనం చేసి. అదీ సొంత జేజి చేన్లో.

జేజి అంటే మా నాయన తల్లి. పేరు సుందరమ్మ. పొద్దున ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడే మాకు గడియారం. రొట్టె కాలుతున్నప్పుడు వచ్చే మాడువాసన, కంబళి వాసన, ఆమె తలకు రాసుకునే ఆముదం వాసన, ఈ మూడూ కలిస్తే నాకు జేజి ఇల్లు. ప్రార్థన గొంతెత్తి చేసేది, కళ్లు మాత్రం మూసేది కాదు, కోళ్లు గింజల మీద పడతాయని. దేవుడితో ఆమె మాట్లాడే తీరు ఆలస్యంగా పనికొచ్చిన కూలివాడితో మాట్లాడినట్టుండేది. "ఏం ప్రభువా, అందరి మీదా వాన పడె, మా మీద యాల పడల్యా? దారి మరిసిపోయినావా?" అనేది. పొగాకు నమిలేది. ఆదివారం గుడికి పోయినప్పుడు నోట్లోది తీసి ప్రహరీగోడ గూట్లో పెట్టి లోపలికి పోయేది. ఆ గూట్లో అలాంటి తుంటలు పది పన్నెండు వరసగా ఉండేవి. ఆరాధన అయ్యాక ఎవరి తుంట వాళ్లు తీసుకునేవారు, ఎన్నడూ తారుమారయ్యేది కాదు. ఒకసారి నేనూ రూతక్కా వాటి వరస మార్చి పెట్టాం. ఆ రోజు గుడి ముందు జరిగిన రభస గురించి ఇక్కడ రాయను, ఇంకా బతికున్నవాళ్లున్నారు.

మా ఊళ్లో పంట ఇళ్లకు చేరగానే సగం ఇళ్లకు తాళాలు పడేవి. కూలిపనికి దూరదేశం పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటారు. ముసలివాళ్లను ఊరికి కాపలా పెట్టి, పిల్లల్నీ పిల్లల పలకల్నీ మూటగట్టుకుని పోయేవారు. పలకలు తిరిగొచ్చేవి గాని వాటి మీద అక్షరాలు తిరిగొచ్చేవి కాదు. మా అమ్మా నాయనా కూడా ఏటా పోయేవారు, పైరు కాలంలోనూ తిరిగొచ్చేవారు కాదు. నన్ను మాత్రం జేజి పోనివ్వలేదు. రెండెకరాల చేను ఉంది, అది పండితే నాకూ తనకూ గింజలకు లోటుండదు, కాబట్టి నేను ఊళ్లోనే ఉండి బడికి పోవాలి. ఇది ఆమె లెక్క. నా చదువంతా ఆ రెండెకరాల బుడ్డల మీద నిలబడి ఉందన్నమాట. ఆ సంగతి అప్పుడు నాకు తెలుసు. తెలిసే ఆ పని చేశాను, అదే చెప్పుకోవాల్సిన సిగ్గు.

మా చేను పక్క చేను యోబు జేజినాయనది. ఆయన మా తాతకు తమ్ముడు, జేజికి మరిది, రూతక్కకు సొంత తాత. సంఘంలో పెద్దమనిషి, కానుకల పళ్లెం పట్టుకుని ఆయన నడిచి వస్తుంటే నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. మనిషి చెడ్డవాడు కాదు. లోకంలో ఏ పనైనా తను చేస్తేనే సరిగ్గా జరుగుతుందని ఆయన నమ్మకం. మా తాత పోయిన రెండో ఏడు, వాన కోసం ప్రార్థన పెట్టిన ఆదివారం, గుడి ముందు అందరూ ఉండగా ఆ నమ్మకాన్ని బయటపెట్టాడు.

"వదినా, ఒక్కదానివే యెద్దులెనక ఎన్నాళ్లు తిరుగుతావు? చేను నాకు ఇడిసిపెట్టు. నేను చేసుకుంటా. నువ్వు తినేదానికి ఇంత పెడతా."

"నువ్వు పెట్టింది తినేదానికి నేనేం నీ ఇంటి కోడినా?" అంది జేజి.

"కోపం యాల? ఆ పిల్లను కూడా వాళ్లమ్మ యెంబడి సుగ్గికి పంపు. ఆడపిల్లకు బడి యాల, గంట కొట్టేదానికా?"

జేజి గూట్లోంచి తన పొగాకు తుంట తీసుకుంది. నోట్లో పెట్టుకోలేదు. "ఇదో యోబప్పా, కాయ పీకే కాలానికి అయ్యగారు వచ్చి నా చేన్లో మూడు చెట్లు, నీ చేన్లో మూడు చెట్లు పీకి కాయలెంచనీ. నా చెట్లకు తక్కువొస్తే చేను నీది. నేనూ ఈ పిల్లా మూట కట్టుకుని సుగ్గికి పోతాం. తక్కువ రాలేదనుకో, నా చేను మాట నువ్వు మళ్లా ఎత్తగూడదు" అంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఇద్దరి మధ్యా నిలబడి దగ్గుతూ ఉండిపోయారు. పందెం దేవుడి గుమ్మంలో కట్టింది కాబట్టి తప్పించుకోవడానికి ఎవరికీ వీల్లేకపోయింది. మా దగ్గర పంట చూడాలంటే బాట పక్క సాళ్లలోనే చెట్లు పీకి చూస్తారు, లోపలికి పోయి పైరు తొక్కరు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, ఇక్కడే మా కొంప మునిగింది.

మా బడి, మా గుడి ఒకే గది. ఆదివారం దేవుడిది, మిగతా రోజులు టీచరమ్మది. ఆమె కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, పువ్వంటే ప్రాణం. తన బల్ల మీది గాజు జాడీలో ఎవరు రోజూ పూలు పెడితే వాళ్లకే గంట కొట్టే పని అని చెప్పింది. గంట అంటే వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్క. దాన్ని ఇనపకడ్డీతో కొడితే ఊరంతా వినిపించేది. మనం కొడితే పెద్దవాళ్లు కూడా "బడి పెట్టినారు" అని లేచేవారు. ఆ అధికారం కోసం నేను ఏ పాపానికైనా సిద్ధమే. కానీ ఆ ఏడు వానల్లేవు, పూలెక్కడివి? తంగేడు పొదలను మగపిల్లలు ముందే దోచేశారు. ఇక మిగిలింది మా బుడ్డల చేను. నేలకు జానెడెత్తున, ఆకుల సందుల్లో, తెల్లారేసరికి చిన్నచిన్న పసుప్పచ్చ పూలు. అడవిపందులు, మేకలు పడకుండా తెల్లవారుజామున చేను దగ్గర కాపలా ఉండమని జేజి నన్ను పంపేది. తోడుగా రూతక్క వచ్చేది. కంచే చేను మేయడమంటే ఇదే.

తెంపడానికి ముందు మేము ధర్మం, న్యాయం అన్నీ ఆలోచించాం. రూతక్క నాకంటే ఏడాది పెద్ద, వాదన ఆమెది.

"బుడ్డలు యాడ కాస్తాయి?" అంది.

"మన్నులో."

"పూలు యాడ పూస్తాయి?"

"పైన."

"మరి పైన పూసేదానికీ కింద కాసేదానికీ ఏం సంబంధమే? ఎర్రగడ్డకు పువ్వుతో పనుండాదా? ముల్లంగికి?"

ఎర్రగడ్డంటే మా వైపు ఉల్లిగడ్డ. ఇంత గట్టి వాదన నేను తరవాత కాలేజీలో కూడా వినలేదు. చేన్లో పుట్టి పెరిగిన పిల్లలకు అంత తెలియదా అని మీరు అడగొచ్చు. తెలియదు. విత్తనం వేసేటప్పుడు పిల్లలు ఉంటారు, కాయ పీకేటప్పుడు ఉంటారు. నడుమ పైరు మీద పూత ఉన్నన్నాళ్లు చేన్లో అడుగుపెడితే కాళ్లు విరగ్గొడతారు. ఆ నడిమి రెండు నెలలూ ఏం జరుగుతుందో మాకు పెద్దవాళ్ల గుసగుసల్లాగే తెలియని సంగతి. యోబు జేజినాయన చేన్లో తెంపొచ్చు గదా అంటే, ఆయన పొద్దున్నే గట్టు మీద కూర్చుని ఎవరి పాదం ముద్రలు పడ్డాయో చూసుకునే రకం. మా జేజి మమ్మల్ని నమ్మింది. నమ్మినవాళ్లదే దోచుకోవడం సులభం.

రోజూ పొద్దు పొడవగానే బాట పక్క ఆరు సాళ్లు ఇద్దరం చెరో పక్క నుంచి వంగి, ఒక్క పువ్వు మిగల్చకుండా తెంపి లంగా ఒడిలో పోసుకునేవాళ్లం. టీచరమ్మ "అబ్బ, ఎంత బాగున్నాయి! ఏం పూలమ్మా ఇవి?" అంటే, రూతక్క కన్నార్పకుండా "దేవుడి పూలు టీచర్" అంది. పది గంటలకల్లా అవి వాడి, జాడీలో ముక్కు చీదిన గుడ్డల్లా వేలాడేవి. టీచరమ్మ ఎండను తిట్టుకునేది. నేను గంట కొట్టేదాన్ని. నాలుగు వారాలు అలా కొట్టాను, నా జన్మలో అంత గొప్ప ఉద్యోగం మళ్లీ చేయలేదు.

ఆ పూలకు మేము చేసిన అన్యాయం ఎంతటిదో నాకు పాఠాలు చెప్పేటప్పుడే పూర్తిగా అర్థమైంది. బుడ్డ పువ్వు సిగ్గరి. తేనెటీగ కోసం ఎదురుచూడదు. రేకులు విచ్చుకునే వేళకే లోపల తన పుప్పొడి తన కీలాగ్రం మీద తానే రాల్చుకుని ఉంటుంది. అక్కడి నుంచి ఆ పుప్పొడి సన్నని పొడుగాటి గొట్టం వెంట దిగి, అడుగున ఆకుచంకలో ఉన్న అండాశయాన్ని చేరాలి. దానికి పూటదాకా పడుతుంది. అంటే తాళి కట్టడం అయిపోయింది, పెళ్లికూతురు ఇంకా అత్తవారింటికి చేరలేదు, సరిగ్గా ఆ దారిలో కాపుకాసి మేము పల్లకీ ఎత్తుకుపోయాం. రోజుకు కొన్ని వందల పల్లకీలు.

నాలుగు వారాలకు ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి జేజి చేను గట్టు మీద తల మీద చేయి పెట్టుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని పిలిచి, చెప్పులు విప్పించి, చేను నడుమకు తీసుకుపోయింది. ఒక చెట్టు కొమ్మలు పైకెత్తి చూపించింది. కొమ్మల కింద దబ్బనాల్లాంటి ఊదారంగు మొనలు కొన్ని వేలాడుతున్నాయి.

"ఇదో, ఇవి ఊడలు. పువ్వు వాడినంక దాని అడుగు నుంచి ఊడ పుడతాది. పుట్టి, తల కిందికి వంచుకోని మన్ను ఎతుక్కుంటా వస్తాది. మన్నులో దూరినంకనే దాని మొన ఊరి కాయ అయితాది. ఈడ సూడు, నేల ఎండి రాయైపోయిండాది. దూరల్యాక ఎండిపోతాండాయి. సరే, అది వాన తప్పు అనుకుంటా. ఆ బాట పక్క సాళ్లలో అసలు ఊడే ల్యాదే! పువ్వు పూసింది నేను సూసినా. ఊడ యాడికి పోయ?"

మేము తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. జేజి ఏడ్చింది. తాత పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవని మనిషి, ఎండిన ఊడ ఒకటి వేళ్ల మధ్య నలుపుతూ, "దేవుడు కూడా యోబు పక్కనే నిలబడినట్టుండాది" అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను, రూతక్క నా జడ గట్టిగా లాగింది. మరుసటి రోజు నుంచి గంట మగపిల్లలకు వదిలేశాం. టీచరమ్మ "దేవుడి పూలు ఏవమ్మా?" అంటే, "అయిపోయినాయి టీచర్" అని మాత్రం చెప్పాం.

ఆ తరవాత వారానికి వాన పడింది. ఆషామాషీ వాన కాదు, మూడు రోజులు ముసురు పట్టి నేలను ముద్ద చేసింది. నడిమి చెట్లు తమ బలమంతా ఎండిపోయిన ఊడలకే ఖర్చుపెట్టేశాయి గాని, కడుపు పండక ఆగిపోయినట్టున్న ఆ ఆరు సాళ్లు ఒక్కసారిగా విరగబూశాయి. ఈసారి మేము చేతులు వెనక్కి కట్టుకుని చూశాం. తరవాత జేజి అందరినీ చేన్లోకి పోకుండా కట్టడి చేసింది, ఊడలు దిగే కాలంలో చెట్టు కదిలితే దిగింది తెగుతుందని. అందుకని మన్నులో ఏమైందో మాకు తెలియదు. సుగ్గికి కట్టుకునే మూటలో నా పలక పడుతుందా లేదా అని రోజూ ఆలోచించేదాన్ని.

చెట్లు పీకి ఎంచే రోజు ఇంకొక్క రోజు ఉందనగా మాకు బుర్ర పనిచేయడం మానేసింది. అలాంటప్పుడే మనిషికి గొప్ప ఉపాయాలు తోస్తాయి. ముందురోజు గుడిలో ఆడవాళ్ల కూడికకు, బావికింద ముందుగా పీకిన ఎవరివో బుడ్డలు ఉడకబెట్టి తెచ్చారు. ఇద్దరం తినకుండా ఒడి నింపుకుని, సాయంత్రం చేను చేరి, బాట పక్క చెట్ల మొదళ్లలో పుల్లతో గుంటలు తీసి ఒక్కో చెట్టుకు నాలుగైదు కాయలు పూడ్చాం. కాయ లేని చెట్టుకు కాయలు పెట్టాం, ఇంక దేవుడు చూసుకుంటాడని ఇంటికి పోయాం.

పొద్దున అయ్యగారు వచ్చారు. యోబు జేజినాయన ఉతికిన పంచె కట్టాడు. ముందు ఆయన చేన్లో మూడు చెట్లు పీకారు. ఎంచితే ఒకదానికి ఏడు, ఒకదానికి తొమ్మిది, ఇంకోదానికి ఆరు. ఎండిన ఊడలు మాత్రం ముళ్లలా బోలెడు. తరవాత అయ్యగారు మా బాట పక్క సాలులోకి వంగి మొదటి చెట్టు పట్టుకుని లాగారు. చెట్టు వచ్చింది. కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ వచ్చాయి. జేజి నోరు తెరిచింది. నేనూ రూతక్కా అంతకంటే ఎక్కువ తెరిచాం, ఎందుకంటే మేము పూడ్చినవి చెట్టుకు వేలాడవని మాకు తెలుసు గదా. ఇంతలో అయ్యగారు అలవాటు కొద్దీ గుంటలో రాలిన ఒక కాయ తీసి, పంచెకు తుడిచి, చిదిపి నోట్లో వేసుకున్నారు. నమలడం ఆపేశారు.

"సుందరమ్మా" అన్నారు నెమ్మదిగా, "నీ చేన్లో ఉప్పు బుడ్డలు కాసినాయే!"

రూతక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వే మమ్మల్ని పట్టిచ్చింది. యోబు జేజినాయన "మోసం! మోసం!" అని పంచె ఎగ్గట్టాడు. జేజి మా ఇద్దరి చెవులూ రెండు చేతులా పట్టుకుని అందరి ముందు నిలబెట్టింది. ఇంక దాచడానికి ఏముంది? జాడీ, గంట, ఆరు సాళ్ల పూలు, ఉడకబెట్టిన కాయలు, అన్నీ వరసగా కక్కేశాం. నేను ఏడుస్తూ, రూతక్క మధ్యమధ్య తన వాదన మళ్లీ వినిపిస్తూ. "ఎర్రగడ్డకు పువ్వుతో పనుండాదా అయ్యగారూ?" అని ఆయన్నే అడిగింది.

అయ్యగారు చాలాసేపు గడ్డం గోక్కుని, "ఉడికినవి పక్కన పెట్టండి. చెట్టుకు వేలాడేవే ఎంచుదాం" అన్నారు. ఎంచితే పద్నాలుగు. రెండోదానికి పదహారు, మూడోదానికి పదమూడు. గెలిచామని నేను గెంతబోతే జేజి నా చెవి వదల్లేదు. "అయ్యా, ఈ సాళ్లకు ఏమో అయ్యిండాది. ఇవి చూసి గెలిస్తే న్యాయం కాదు. నా చేను నడిమిట్లోనూ పీకండి" అంది. ఆ క్షణంలో జేజిని కొరికేసేంత కోపం వచ్చింది నాకు. నడుమ పీకిన చెట్లకు ఎనిమిది, ఏడు, ఏడు. మొత్తం కూడితే ఆయన చెట్లకూ వీటికీ సమానం. తక్కువ రాలేదు. చేను జేజిదే. ఆ సాయంత్రం ప్రార్థనలో, "ప్రభువా, ఈ దొంగముండల పాపాన్ని నువ్వు వానతో కడిగినావు. ఇంకోసారి కడగాకు, అలవాటైతాది" అంది.

కథ ఇక్కడితో అయిపోలేదు. యోబు జేజినాయన ఓడిపోయి ఊరుకునే మనిషి కాదు. ఆరు సాళ్లలో రెట్టింపు కాయ ఎందుకు కాసిందని రాత్రింబవళ్లు ఆలోచించాడు. మా జిల్లాలో శనగ పైరుకు తలలు తుంచుతారు, తుంచితే కొమ్మలు ఎక్కువ వేసి ఎక్కువ కాస్తుంది. దానికీ దీనికీ ముడిపెట్టాడు. మరుసటి ఏడు వానలు వేళకు పడ్డాయి, పూత బ్రహ్మాండంగా వచ్చింది. ఒక తెల్లవారుజామున చూస్తే ఆయన చేన్లో పదిమంది కూలివాళ్లు వంగి పూలు తెంపుతున్నారు, వాళ్లలో రూతక్క కూడా ఉంది, ఈసారి తాత అనుమతితో. జేజి గట్టు మీదికి పరిగెత్తింది.

"యోబప్పా, తెంపాకు! పోయినేడు కాసింది పూలు తెంపినందుకు కాదు, వాన ఆలస్యమైనందుకు! ఇప్పుడు తడి ఉండాది, ఊడలు దిగనీ!"

"నీ గుట్టు బయటపడిందని నీకు కడుపుమంట వదినా. తెంపండే, ఆపాకండి!"

జేజి చెప్పిన కొద్దీ ఆయన హుషారు పెరిగింది. చివరికి ఆమె ఇంటికొచ్చి, కళ్లు తెరుచుకునే ఉండి, "నేను సెప్పినా. నువ్వు ఇన్నావు. రేపు నన్నడగాకు" అని దేవుడికి ఒక్క మాట చెప్పి రొట్టె తట్టడానికి కూర్చుంది. ఆయన నెల్లాళ్లు రోజూ తెంపించాడు, ఆ తరవాత వానలు ఆగిపోయాయి. ఆలస్యంగా పూసిన ఆయన చేను ఊడలు గట్టిపడ్డ నేల మీద వేలాడి ఎండిపోయాయి. పీకితే చెట్టుకు రెండు మూడు, అవీ తాలు కాయలు. విత్తనానికి కూడా మిగల్లేదు.

రూతక్క ఇదంతా వంటగదిలో గుర్తుచేసుకుంటూ ఉడికిన కాయలు ఒలిచి నా పళ్లెంలో పడేస్తూ ఉంది. ఇప్పుడు విత్తనం దుకాణం నుంచి సంచుల్లో వస్తుందట, పైన గులాబిరంగు మందు పూసి ఉంటుంది, నోట్లో వేసుకునేది లేదు. మా కాలంలో విత్తనం ఒలిచేటప్పుడు పది ఒలిస్తే ఒకటి తినేవాళ్లం, ఆ ఒకటి తినకుండా ఉండేందుకే జేజి మాతో పాటలు పాడించేది. నేను ఎండాకాలంలో ఊరికి పోయినప్పుడు ఇప్పటికీ తాళాలు కనిపిస్తాయి, సుగ్గి ఆగలేదు. మూటలు మారాయి, ఎక్కే బండ్లు మారాయి. తాళం పడ్డ ఇళ్ల గోడల మీద పిల్లలు బొగ్గుతో రాసిన ఎక్కాలు సగంలో ఆగి ఉంటాయి. వాటిని చూస్తే ఈ వయసులోనూ నాకు ఎవరినో చెవి పట్టుకుని నిలబెట్టాలనిపిస్తుంది, ఎవరి చెవో తెలియదు. నా విద్యార్థులు అండాశయం బొమ్మ చక్కగా వేసి మార్కులు తెచ్చుకున్నారు, వాళ్లలో ఊడను ముట్టుకున్నవాళ్లు ఎందరో నేనెప్పుడూ అడగలేదు. అది నా తప్పే.

నేను ఇక్కడ ఆపుదామనుకున్నాను. "మా తాత సంచి పట్టుకుని వచ్చింది రాయవా?" అని రూతక్క కసిరింది. రాస్తాను.

ఆ తరవాత తొలకరికి, ఊరంతా విత్తే గొర్రులు బయటికి తీసిన పొద్దున, యోబు జేజినాయన ఖాళీ గోనెసంచి భుజాన వేసుకుని మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. "వదినా, విత్తనానికి..." అని ఆగిపోయాడు. పళ్లెం పట్టుకుని నడిచే ఆ మనిషికి అడగడం చేతకాలేదు. జేజి విత్తనం కుండ బయటికి ఈడ్చి, సంచి మూతి పట్టుకోమని నాకు సైగ చేసి, సేరుతో కొలిచి పోయడం మొదలుపెట్టింది.

"నువ్వు చేసిందే గదా నేనూ చేసినా. నీకెట్ల కాసింది, నాకెట్ల కాయల్యా? అది మాత్రం సెప్పు" అన్నాడు.

"గట్టు మీద నిలబడి సెప్తే నమ్మల్యా నువ్వు. బడికి పోయేదాన్నడుగు" అంది జేజి.

నేను పలక తెచ్చి గీశాను. ఒక పక్క మా చేను, ఎండిన నేల, నడిమి చెట్ల మొదటి ఊడలు గాలిలో వేలాడుతూ. వాటి పక్కనే మేము తెంపిన పూలు, ఊడలు లేకుండా. కింద వాన, ఆ తరవాత వచ్చిన పూల ఊడలు మెత్తని మన్నులోకి. పలక రెండో వైపు ఆయన చేను. ముందు వాన, మొదటి పూలు తెంపిన చేతులు, తరవాత ఎండ, ఆలస్యంగా వచ్చిన ఊడలు గాలిలో. నాకు పదేళ్లు, అయినా గీతలు సరిగ్గానే పడ్డాయి. "తెంపినందుకు కాదు జేజినాయనా. ఊడ దిగేటప్పుడు నేల మెత్తగా ఉండాలంతే. మేము దొంగతనం చేసినప్పుడు అదృష్టం, నువ్వు మంచి పూలు తెంపుకున్నావు" అన్నాను. మంచి పూలు అన్నందుకు కొడతాడేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆయన గుమ్మం బయట నేల మీద చతికిలబడ్డాడు. పలక తీసుకుని, ఒక వైపు చూసి, తిప్పి రెండో వైపు చూసి, మళ్లీ మొదటి వైపు తిప్పాడు. ఊడ బొమ్మ మీద వేలు పెట్టి మన్ను దాకా లాగాడు, వేలికి బలపం పొడి అంటింది. నలభై ఏళ్లు బుడ్డలు పండించిన మనిషి ఒక చిన్నపిల్ల గీసిన గీతలను అంత సేపు చూడడం నేను మళ్లీ చూడలేదు. తరవాత పలక నా చేతికిచ్చి, లేచి, జేజి వైపు చూడకుండా అన్నాడు.

"వదినా, దీన్ని బడి మాన్పియ్యాకు."

జేజి అప్పటికి సంచి మూతి కట్టబోతోంది. ఆగి, కుండలోంచి ఇంకో సేరు తీసి అందులో పోసింది.